లాంచీ ఆగని ఊళ్ళు

టీవీలో అమెజాన్ అడవుల మధ్య పెద్ద పడవ ఒకటి మెల్లగా సాగిపోతూ ఉంటుంది. చెట్ల మీద రంగురంగుల చిలుకలు, నీళ్ళలో మొసళ్ళు, ఒడ్డున గడ్డి కప్పిన ఇళ్ళు, ఇళ్ళ ముందు నిలబడి చేతులూపే పిల్లలు. చూసినవాళ్ళకు ‘జన్మకోసారైనా వెళ్ళాలి’ అనిపిస్తుంది. టికెట్టు ధర వినగానే ఆ కోరిక అక్కడే చల్లబడుతుంది. కానీ తెలుగువాళ్ళు అందుకోసం సముద్రాలు దాటక్కర్లేదు. సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి రాజమండ్రి. అక్కడి నుంచి రోడ్డు మీద గంటా గంటన్నర వెళితే పడవల రేవు. ఇక ఆ పైన నది, అడవి, కొండలు... అన్నీ ఉన్నాయి. చేతులూపే పిల్లలూ ఉన్నారు!

2022 డిసెంబరులో హైదరాబాద్ విద్యానగర్ నుంచి పదకొండు మంది అలాగే బయలుదేరారు. అందరూ రోజూ పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో నడిచేవాళ్ళు. ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. చెట్ల కింద నడుస్తూ మాట్లాడుకునే కబుర్లలో పాపికొండల ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఒకాయన 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ సినిమాలో లాంచీ ప్రయాణాన్ని తలుచుకుంటే, ఇంకొకావిడ 2006లో వచ్చిన ‘గోదావరి’ సినిమా గుర్తుచేసేవారు. రెండూ రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ మీద వెళ్ళే కథలే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పక్కనే పెరిగి సినిమాలు చూడకుండా ఎలా ఉంటారు మరి!

బృందంలో అందరికంటే చిన్నది ఒక అమ్మాయి. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆవిడకు మేనకోడలు. గ్రూప్స్‌కు చదువుకుంటోంది. అశోక్‌నగర్‌లో కోచింగు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పగలంతా చదువు. ‘రెండు రోజులు పుస్తకం మూసి రావే’ అని మేనత్త బలవంతం చేస్తే వచ్చింది. వచ్చిందే కానీ నోట్సు మాత్రం సంచిలోనే ఉంది.

పాపిడిలాంటి నది

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి, తూర్పు కనుమలను చీల్చుకుంటూ కిందికి దిగుతుంది. ఆ చీల్చుకునే చోటే పాపికొండలు. రాజమండ్రి దగ్గర చూస్తే అవతలి ఒడ్డు ఆనని నది, ఇక్కడ రెండు కొండల మధ్య సన్నగా ఒదిగి పారుతుంది. దువ్విన జుట్టు మధ్య పాపిడిలా కనిపిస్తుంది కాబట్టి పాపిడి కొండలన్నారనీ, అదే పాపికొండలైందనీ చెబుతారు. ఈ అడవి అమెజాన్‌లా పూర్తి వర్షారణ్యం కాదు. ఎక్కువ భాగం తేమ ఉన్న ఆకురాల్చే అడవి. నీడ పట్టిన లోయల్లో మాత్రం ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లు కనిపిస్తాయి.

గండిపోచమ్మ గుడి దగ్గర రేవులో విద్యానగర్ బృందం లాంచీ ఎక్కింది. ఎక్కేముందు పేర్లు రాయించుకున్నారు, లైఫ్ జాకెట్లు తొడిగించారు. లాంచీ కదలగానే టిఫిను పొట్లాలు, వెనకాలే మైకు. మైకు పట్టుకున్న కుర్రాడు హుషారైనవాడు. ఏ మలుపులో ఏ సినిమా తీశారో, ఏ హీరో ఎక్కడ నిలబడ్డాడో గడగడా చెప్పేస్తున్నాడు. మధ్యమధ్యలో పాటలు, డాన్సులు. పెద్దవాళ్ళు కూడా సిగ్గుపడుతూనే లేచి రెండడుగులు వేశారు.

‘బాబూ, పులి గానీ కనిపిస్తుందా?’ అని బ్యాంకు ఆవిడ టీ పట్టుకొచ్చిన కుర్రాణ్ణి అడిగారు.

‘ఇంత సౌండులో పులెందుకొత్తాదండీ!’ అన్నాడతను నవ్వుతూ.

మాట నిజమే. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. పులి, చిరుత, ఎలుగుబంటి, కణుజు, దుప్పి, కొండగొర్రె, చెట్ల మీంచి దిగని బెట్టుడుత, అరచేతి పొడవు కాళ్ళతో తిరిగే మూషిక జింక, రాచనాగు... అన్నీ ఈ అడవివే. అన్నిటికంటే పేరున్నది అడవిదున్న. అది ఇక్కడ ఎంతగా తిరిగేదంటే ఇంగ్లీషువాళ్ళు ఈ కొండలకు ‘బైసన్ హిల్స్’ అని పేరు పెట్టుకున్నారు. లాంచీ మీద వెళ్ళేవాళ్ళకు మాత్రం నీటికాకులు, కొంగలు, ఎండుకొమ్మ మీంచి నీళ్ళలోకి రివ్వున దూకే లకుముకి పిట్టలు కనిపిస్తే అదే పదివేలు. మైకు ఆగిన కాసేపే అడవి చప్పుడు వినబడుతుంది.

యూనివర్సిటీ చెట్ల కింది మాట

‘బైసన్ హిల్స్’ మాట వినగానే బృందంలో ఒక పెద్దాయన ముఖం వెలిగింది. ఆయన లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఇన్నాళ్ళూ కలిసి నడిచినవాళ్ళకు కూడా చెప్పని సంగతి ఒకటి అప్పుడు చెప్పారు.

వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయాడు. ఆదిలాబాద్ గోండులు, మార్లవాయి అనగానే అందరికీ గుర్తొచ్చే హైమెన్‌డార్ఫ్ ఈయనే. గోండుల మీద రాయడానికి ముందే నల్లమల చెంచుల మధ్య, ఈ గోదావరి కొండల్లోని రెడ్ల మధ్య తిరిగాడు. చెంచుల మీద పుస్తకం 1943లో వచ్చింది. కొండరెడ్ల మీద రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. ఆ తరవాత ఉస్మానియాలోనే మానవశాస్త్రం ప్రొఫెసరుగా పనిచేశాడు. అంటే విద్యానగర్ వాళ్ళు రోజూ నడిచే ఆ చెట్ల కింద, ఈ కొండల కబుర్లు ఎనభై ఏళ్ళ కిందటే నడిచాయన్నమాట!

ఆయన చూసిన కొండరెడ్లు కొండవాలులో పోడు కొట్టి జొన్న, సామలు పండించుకునేవాళ్ళు. పంట చాలని రోజుల్లో జీలుగు చెట్టు కల్లు, అడవి దుంపలు, మామిడి టెంకల్లోని జీడి నానబెట్టి పిండి చేసి కాచుకున్న అంబలి ఆకలి తీర్చేవి. వెదురు కొట్టి తెప్పలు కట్టి నది మీద కిందికి పంపితే లాభం వ్యాపారికి, అప్పు రెడ్డికి. ఆ అప్పుల కథలన్నీ ఆయన రాసిపెట్టాడు.

గ్రూప్స్ అమ్మాయి ఆశ్చర్యంగా వింది. ‘మాకు ఇది ఒక్క మార్కు బిట్టు అంకుల్. కొండరెడ్లు అంటే పీవీటీజీ, పోడు వ్యవసాయం, హైమెన్‌డార్ఫ్. అంతే!’ అంది. పీవీటీజీ అంటే గిరిజనుల్లోనే మరీ బలహీన స్థితిలో ఉన్నవాళ్ళని ప్రభుత్వం గుర్తించిన సమూహం. ఆ బిట్టులోని మనుషులు ఇంకో రెండు గంటల్లో ఎదురవుతారని ఆ అమ్మాయి నోట్సులో ఎక్కడా రాసిలేదు.

రేవు ఉంది, ఊరు లేదు

లాంచీ దేవీపట్నం దాటుతోంది. కుడివైపు కప్పుల్లేని గోడలు. కిటికీ చట్రాలు కూడా ఎవరో పీక్కుపోయారు. నీళ్ళలోనే నిలబడి ఎండిపోయిన చెట్లు. మైకు కుర్రాడు ఆ పక్కకు చూడలేదు. ‘నెక్స్ట్ సాంగ్!’ అన్నాడు.

ఇక్కడికి దిగువన పోలవరం కడుతున్నారు. 2014 విభజన చట్టం దాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. ఏడు లక్షల ఎకరాలకు పైగా కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల విద్యుత్తు దాని లెక్క. నీటి కోసం ఎదురుచూసే రైతుకు అది చిన్న విషయం కాదు. ఎగువ కాఫర్ డ్యామ్ అడ్డు పెట్టి, 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఆనాటి నుంచి వెనక నీళ్ళు ఎక్కువ కాలం నిలుస్తున్నాయి. పూర్తిగా నిండితే నీటి మట్టం 45.72 మీటర్లు. తొలి దశ 41.15 మీటర్లు. మొత్తం మీద సుమారు 370 ఆవాసాలు, దాదాపు లక్ష కుటుంబాలు కదలాలి. వాళ్ళలో గిరిజనులే ఎక్కువ. ఇందుకూరు, తాడువాయి లాంటి చోట్ల వాళ్ళకు కాలనీలు కట్టారు, కడుతున్నారు.

41.15 లోపల ఉన్న ఊళ్ళు ముందు, ఆ పైన ఉన్నవి తరవాత అని కాగితం మీద గీత గీశారు. గోదావరికి ఆ గీత తెలియదు కదా! 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటి మట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరవాత అంత పెద్ద వరద అదే. వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరం, వీఆర్ పురం మండలాల్లో జాబితాలో ఉన్న ఊరూ మునిగింది, లేని ఊరూ మునిగింది. జనం పిల్లలతో, కోళ్ళతో, మేకలతో కొండల మీదికి ఎక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. ఇది జరిగిన అయిదు నెలలకు విద్యానగర్ లాంచీ అదే దారిలో వెళుతోంది. ఒడ్డు కొమ్మల్లో, మనిషికి అందనంత ఎత్తున, వరద తెచ్చి తగిలించిన చీర పేలికలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

కచ్చులూరు మలుపు

కొంతసేపటికి లాంచీలో పాటలు వాటంతటవే ఆగాయి. కచ్చులూరు వచ్చింది.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. నదిలో అయిదు లక్షల క్యూసెక్కుల వరద పోతుండగా 77 మందితో వెళుతున్న పర్యాటక పడవ ఇక్కడే మునిగింది. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు 26 మంది. పోయినవాళ్ళలో హైదరాబాద్ వాళ్ళు, వరంగల్ వాళ్ళు, విశాఖ వాళ్ళు ఉన్నారు. రెండు వందల అడుగులకు పైగా లోతులో ఉన్న పడవను కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి లాగింది. ఆ వార్తలు అందరికీ గుర్తే.

ఆ 26 మందిని ముందు నీళ్ళలోంచి లాగింది ఎవరు? ఒడ్డునున్న తూటుగుంట గిరిజనులు. పడవ ఒరగడం చూసి తమ చిన్న పడవల్లో వరదలోకి వెళ్ళారు. ఒక్కొక్కరినీ పట్టుకుని ఒడ్డుకు చేర్చారు. అధికారులు వచ్చేదాకా వాళ్ళే దిక్కు.

అదే నదిలో, దిగువన మంటూరు దగ్గర 2018 మే 15న ఇంకో లాంచీ మునిగింది. అందులో టూరిస్టులు లేరు. సొంత పనుల మీద తిరిగే ఊరి జనం ఉన్నారు. గాలివాన వచ్చింది, తడవకుండా తలుపులు మూసుకున్నారు. లాంచీ తిరగబడితే బయటికి వచ్చే దారి లేకపోయింది. దాదాపు ఇరవై మంది పోయారు. ఆ సంగతి విద్యానగర్ పదకొండు మందిలో ఒక్కరికీ గుర్తు లేదు. టూరిస్టుకు ఈ నది ఏడాదిలో ఒక రోజు. ఒడ్డునున్నవాళ్ళకు ఇది రోడ్డు. సంతకు, ఆసుపత్రికి, పిల్లల హాస్టలుకు, రేషను బియ్యానికి ఇదే దారి. సరదాకు ఎక్కే పడవకూ, గత్యంతరం లేక ఎక్కే పడవకూ కింద ఉన్నవి ఒకే నీళ్ళు.

2019 తరవాత చాలాకాలం పడవలు తిరగలేదు. రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, 2021లో మళ్ళీ అనుమతించారు. ఇప్పుడు రేవులో పేర్లు రాయించుకునేదీ, జాకెట్లు తొడిగించేదీ అందుకే. ‘ఉక్కగా ఉంది’ అని జాకెట్టు విప్పేసిన బ్యాంకు ఆవిడ, కచ్చులూరు దగ్గర ఎవరూ చెప్పకుండానే మళ్ళీ తొడుక్కున్నారు.

పేరంటపల్లిలో పదిహేను నిమిషాలు

కొండలు రెండూ దగ్గరికొచ్చాయి. నీళ్ళ రంగు ముదిరింది. అందరూ లాంచీ పైకెక్కి ఫొటోలు తీసుకున్నారు. ఆ ఇరుకు దాటాక ఎడమ ఒడ్డున పేరంటపల్లి. అక్కడ బాలానంద స్వామి నెలకొల్పిన ఆశ్రమం, శివాలయం ఉన్నాయి. చల్లటి చెట్ల నీడ, మెట్లు, కొండ మీంచి దిగే వాగు నీళ్ళు. ‘పదిహేను నిమిషాలే’ అన్నాడు మైకు కుర్రాడు.

మెట్ల పక్కన కొండరెడ్ల ఆడవాళ్ళు వరసగా కూర్చుని వెదురు పూలు అమ్ముతున్నారు. వెదురును సన్నగా చీరి, రంగులద్ది, పువ్వుల్లా చుట్టినవి. పక్కనే కొండచీపుర్లు. దర్శనానికి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. గ్రూప్స్ అమ్మాయి అక్కడే గొంతుకూర్చుంది.

‘అక్కా, ఇవి నువ్వే చేశావా?’

‘ఊఁ. నేనూ, మా కోడలూ. తీసుకో అమ్మా.’

‘రోజూ అమ్ముడవుతాయా?’

‘లాంచీ వస్తే బేరం. వానల్లో రాదుగా. అప్పుడు అడవే.’

‘మిమ్మల్ని కూడా కాలనీకి పంపిస్తారా అక్కా?’

ఆమె చేతిలోని వెదురు ముక్క తిప్పుతూ కాసేపు ఊరుకుంది. ‘పోవాలంటన్నారు. ఇల్లిస్తారంట, కరెంటు ఉంటాదంట. పిల్లలకు బడి దగ్గరంట. మంచిదే. అక్కడ వెదురుండదు కదమ్మా’ అంది. తరవాత తనే అడిగింది, ‘మీదే ఊరు?’

‘హైదరాబాద్. విద్యానగర్.’

‘అక్కడ ఏరుందా?’

అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. విద్యానగర్ దగ్గర పారేది హుసేన్‌సాగర్ నాలా. దాన్ని ఏరనలేదు. కానీ 2015 చివరి నుంచి ఎల్లంపల్లి దగ్గర తోడిన గోదావరి నీళ్ళు హైదరాబాద్‌కు వస్తున్నాయి. ‘మీ గోదారి నీళ్ళే పైపుల్లో మా ఊరికి వస్తాయక్కా’ అంది. ఆమెకు అది వింతగా తోచినట్టుంది, పక్కనున్న కోడలికి చెప్పి నవ్వింది.

లైబ్రరీ పెద్దాయన ఆ పక్కనే నిలబడి ఒక లెక్క చెప్పారు. పేరంటపల్లి ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. ఎదుటి ఒడ్డు ఇంగ్లీషువాళ్ళది, మద్రాసు కింద ఉండేది. ఈ ఒడ్డు మొదట వరంగల్ జిల్లా, 1953లో ఖమ్మం జిల్లా. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో ఉంచినప్పుడు వేలేరుపాడు మండలంతో పాటు పశ్చిమ గోదావరికి వెళ్ళింది, 2022లో ఏలూరు జిల్లాకు. ఎనభై దాటిన ముసలమ్మ ఎవరైనా ఇక్కడ ఉంటే, అడుగు కదలకుండానే నాలుగు జిల్లాలు చూసినట్టు. ఇప్పుడు మొదటిసారి కదలాల్సింది జిల్లా పేరు కాదు, ఆమె ఇల్లు.

లాంచీ హారన్ మోగింది. అమ్మాయి రెండు వెదురు పూలు కొంది. బేరమాడలేదు.

తిరుగు ప్రయాణంలో

దిగువకు వచ్చేటప్పుడు అందరూ భోజనాలు చేసి కునుకు తీశారు. అమ్మాయి మాత్రం నోట్సు తీసి ఒడ్డునున్న ఊళ్ళ పేర్లు అడుగుతూ కూర్చుంది. మైకు కుర్రాడికి సినిమా పేర్లు తెలుసు. ఊళ్ళ పేర్లు టీ ఇచ్చే కుర్రాడికి తెలుసు. అతనిది ఆ ఒడ్డే మరి! కొరుటూరు, శివగిరి, కొండమొదలు, తూటుగుంట, కచ్చులూరు, మంటూరు... ఒక్కొక్కటీ చేత్తో చూపించి చెప్పాడు. కొన్నిచోట్ల చూపించడానికి చెట్లే ఉన్నాయి. ‘మీదేది తమ్ముడూ?’ అంటే, దాటి వచ్చేశామన్నట్టు వెనక్కి చూపించాడు.

ఒకప్పుడు ఈ దారిలో వెళ్ళినవాళ్ళు కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస చేసేవారు. అంతకంటే ముందు, పంతొమ్మిదో శతాబ్దంలో, ఈ నది మీద ఎగువ దాకా స్టీమర్లు నడపాలని ఇంగ్లీషువాళ్ళు దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టించి, 1871లో ఆ పథకాన్నే వదులుకున్నారు. గోదావరి మీద మనుషుల ఏర్పాట్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఈసారి వచ్చిన ఏర్పాటు మాత్రం ఒడ్డునే మార్చేస్తుంది. జలాశయం నిండాక కూడా పాపికొండలు కనిపిస్తాయి. కాస్త పొట్టిగా కనిపిస్తాయి, అంతే. లాంచీలూ తిరుగుతాయి, బహుశా ఇంకా పెద్దవి. కొండలెక్కడికీ పోవు. పోయేవి కొండల కింద పాదుకున్న ఊళ్ళు.

కాబట్టి పాపికొండలకు వెళ్ళాలనుకునేవాళ్ళు తప్పక వెళ్ళండి. వానలు తగ్గి నది శాంతించాక, చలికాలంలో వెళ్ళండి. అనుమతి ఉన్న లాంచీయే ఎక్కండి, జాకెట్టు విప్పకండి. కాసేపు మైకు ఆపమని అడగండి. పేరంటపల్లిలో మెట్ల పక్కన కూర్చున్నవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, వెదురు పువ్వొకటి కొనుక్కోండి. ఒడ్డున ఏ పిల్లాడైనా చేయి ఊపితే తిరిగి ఊపండి. అది ఏ ఊరో పక్కనున్నవాళ్ళను అడిగి, ఆ పేరు గుర్తుపెట్టుకోండి.